సముద్ర సంరక్షణ, ఆవాసాల పునరుద్ధరణలో పీజీ: కోర్సును ఏం చూసి ఎంచుకోవాలి?

తీరరేఖ

అందరికీ నమస్కారం. జీవశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేశాను. సముద్ర సంరక్షణలో, అందులోనూ దెబ్బతిన్న ఆవాసాల పునరుద్ధరణలో పీజీ చేయాలని గట్టిగా అనుకుంటున్నాను. పది పన్నెండు కోర్సుల పాఠ్యాంశాలు ముందేసుకుని చదివాక మాత్రం అయోమయం ఇంకా పెరిగింది. పేర్లు దాదాపు ఒకటే, లోపలి చదువులు వేరు. ఒకచోట ఏడాది కోర్సులో సగం చట్టాలు, విధానాలు, తీరంలోని సమాజాలతో కలిసి పనిచేసే పద్ధతులు ఉన్నాయి. మరోచోట రెండేళ్ల కోర్సు. జీవావరణ శాస్త్రం, గణాంకాలు, చివర ఆరు నెలల పరిశోధన. ఇంకొన్నిటి కరపత్రాలు తెరిస్తే పగడపు ముక్కలను తాళ్లకు కడుతున్న విద్యార్థుల ఫోటోలే కనిపిస్తాయి.

ఈ పనిలోకి దిగాక నిజంగా ఉపయోగపడేది ఏ చదువు? డైవింగ్ రానివారికి ఇందులో చోటుందా? గణితంలో నేను అంత గట్టిదాన్ని కాను, అది ఎంతవరకు అడ్డం వస్తుంది? ఈ రంగంలో ఉన్నవారు అనుభవంతో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

ఉప్పుటేరు

తీరరేఖ గారూ, మడ అడవుల పునరుద్ధరణలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. నా మొదటి ఉద్యోగంలో జరిగిన సంగతి చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుందనుకుంటాను.

ఆటు వేళ నీరు తీసినప్పుడు మోకాలి లోతు బురదలోకి దిగి, మూరెడు పొడవున పుల్లల్లా ఉండే రైజోఫోరా అనే మడ జాతి మొలకకాయలను అడుగుకొకటి చొప్పున గుచ్చుకుంటూ పోయాం. నాలుగు రోజుల్లో బురద మేట అంతా పచ్చటి చుక్కలు పెట్టినట్టు తయారైంది. నాలుగు నెలల తరువాత తిరిగి వెళితే, పోటు నీరు నిలిచే ఎత్తు దాకా ప్రతి కాండం చుట్టూ బార్నకిల్స్ అనే గట్టి గుల్లల జీవులు దట్టంగా అతుక్కుని ఉన్నాయి. ఆ బరువుకు మొక్కలన్నీ ఒకే దిక్కుకు వాలిపోయాయి. ఒకదాన్ని పట్టుకుంటే కొత్త వేరు ఒక్కటీ లేకుండా చేతిలోకి వచ్చేసింది. డబ్బిచ్చిన సంస్థకు వెళ్లిన నివేదికలో మాత్రం నాటిన మొక్కల సంఖ్యే విజయంగా నమోదైంది. ఆ సంఖ్యను లెక్కపెట్టినవారిలో నేనూ ఉన్నాను గనుక అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తప్పు మొక్కలది కాదు. ఆ మేట సగటు సముద్ర మట్టం కన్నా దిగువన ఉంది. మడ చెట్లు సాధారణంగా సగటు మట్టానికీ పెద్ద పోటు గీతకూ మధ్యనున్న నేలలో పెరుగుతాయి. అంతకన్నా కిందికి దిగితే రోజులో ఎక్కువ సేపు నీటిలోనే ఉండి, వేళ్లకు గాలి అందక చనిపోతాయి. ఆ నేల ఎత్తును ముందుగా ఎవరైనా కొలిచి ఉంటే ఒక్క పూటలో తెలిసిపోయే విషయం అది.

మాకు జరిగిందే చాలా తీరాల్లో జరిగింది. శ్రీలంకలో 2004 సునామీ తరువాత 23 చోట్ల దాదాపు 1,000 నుంచి 1,200 హెక్టార్లలో మడ మొక్కలు నాటారు. 2017లో వెలువడిన పరిశీలన ప్రకారం వాటిలో 200 నుంచి 220 హెక్టార్లు మాత్రమే నిలదొక్కుకున్నాయి. తొమ్మిది చోట్ల ఒక్క మొక్క కూడా మిగలలేదు. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాలపాటు సాగిన నాట్లలో బతికినవి 10 నుంచి 20 శాతమేనని 2008 నాటి సమీక్ష ఒకటి తేల్చింది. అక్కడ సముద్రం వైపు అంచుల్లో సహజంగా పెరిగేవి అవిసీనియా, సొన్నరేషియా జాతులు. సేకరించడం, గుచ్చడం తేలిక గనుక అదే అంచుల్లో రైజోఫోరాను నాటారు. కొన్నిచోట్ల ఆరోగ్యంగా ఉన్న సముద్రపు గడ్డి మీదే నాటారు. అంటే ఒక ఆవాసాన్ని తెస్తామని బయలుదేరి, ఉన్న ఆవాసాన్ని పాడుచేశారు.

ఇందుకు విరుగుడు చూపినవారిలో ఫ్లోరిడాకు చెందిన రాబిన్ లూయిస్ ముఖ్యులు. నేల ఎత్తును సరిచేసి, పూడిపోయిన కాలువలను తెరిచి, ఆటుపోట్ల నీరు మునుపటిలా వచ్చిపోయేలా చేస్తే విత్తనాలు నీటితోపాటే కొట్టుకొచ్చి మొలుస్తాయని, చేత్తో నాటడం చివరి ప్రయత్నంగానే ఉండాలని ఆయన వాదించి, చేసి చూపించారు. అందుకే ఏ కోర్సు పాఠ్యాంశాలు చూసినా అందులో ఆటుపోట్ల లెక్క, నేల ఎత్తు కొలత, ఒండ్రు కదలిక ఉన్నాయో లేదో ముందు వెతకండి. ఆవాసం ఎందుకు పోయిందో కనిపెట్టడం నేర్పని కోర్సు నాటడం ఎంత బాగా నేర్పినా ప్రయోజనం లేదు.

క్వాడ్రాట్

ఉప్పుటేరు గారి చివరి వాక్యంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను సముద్రపు గడ్డి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి గణితం గురించిన ప్రశ్నకు జవాబిస్తాను.

మా పని నీటి అడుగున ఎలా ఉంటుందో ఊహించుకోండి. పావు మీటరు చదరం ప్లాస్టిక్ చట్రాన్ని గడ్డి మీద పెట్టి, లోపలున్న పిలకలను వేలితో పక్కకు తోస్తూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. చేయి కాస్త బలంగా కదిలిస్తే ఒండ్రు లేచి ఏమీ కనిపించదు. అది కూర్చునేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. పలక మీద పెన్సిలుతో 61 అని రాసుకుంటాం. ఈ 61 ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు. పునరుద్ధరణకు ముందు ఎన్ని ఉన్నాయి, ఇదే కాలంలో మనం ముట్టుకోని పక్క ప్రాంతంలో ఎన్ని పెరిగాయి లేదా తగ్గాయి అన్నవి తెలిస్తేనే దానికి విలువ. ముందూ తరువాతా, ఇక్కడా అక్కడా పోల్చే ఈ పద్ధతిని బాకీ (BACI) డిజైన్ అంటారు. మీకు కావలసిన గణితంలో చాలా భాగం ఇదే. సమీకరణాలు సాధించడం కన్నా, ఎన్నిచోట్ల కొలవాలి, ఏ రెండు కొలతలు నిజానికి ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉన్నాయి, సంఖ్యలో కనిపించిన తేడా యాదృచ్ఛికమా కాదా అన్న ఆలోచన ముఖ్యం. గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మిశ్రమ నమూనాల (ఒకదానిమీద ఒకటి ఆధారపడిన కొలతలను లెక్కలోకి తీసుకునే పద్ధతి) దాకా నేర్పే కోర్సు దొరికితే వదలకండి. క్యూజీఐఎస్ లాంటి మ్యాపుల సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు.

ఇప్పుడు ఆశ కలిగించే సంగతి. అమెరికాలోని వర్జీనియా తీరపు ఉప్పునీటి కయ్యల్లో 1930ల నాటి వ్యాధి, 1933 తుఫాను కలిసి ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డిని తుడిచిపెట్టాయి. దానితోపాటు స్కాలప్‌లు అనే తినే ఆల్చిప్పల వేట కూడా ముగిసిపోయింది. తరువాత అరవై ఏళ్లకు పైగా ఆ గడ్డి తిరిగి రాలేదు. అక్కడి నీరు తేటగానే ఉందని, విత్తనం అందకపోవడం వల్లే రావడం లేదని శాస్త్రజ్ఞులు గుర్తించి, 1999 నుంచి 7 కోట్లకు పైగా విత్తనాలు చల్లారు. చల్లింది సుమారు 200 హెక్టార్లలో. 2020లో ఫలితాలు ప్రచురించే నాటికి అది దానంతటదే దాదాపు 3,600 హెక్టార్లకు పాకింది. గడ్డి ఒత్తుగా ఉన్నచోట అలల జోరు తగ్గి ఒండ్రు కిందికి దిగుతుంది, నీరు తేటపడి వెలుతురు లోపలికి వస్తుంది, అప్పుడు ఇంకా గడ్డి పెరుగుతుంది. చిన్న మడిలో ఈ చక్రం మొదలుకాదు. ప్రపంచవ్యాప్తంగా 1,786 సముద్రపు గడ్డి ప్రయోగాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో సగటున 37 శాతమే నిలిచాయి. లక్షకు పైగా పిలకలు లేదా విత్తనాలు వాడిన పెద్ద ప్రయత్నాలు మిగిలినవాటికన్నా మెరుగ్గా నిలబడ్డాయి.

లోతునీరు

చర్చ బాగుంది, కానీ ఒక మాట నేను చెప్పక తప్పదు. నేను పగడపు దిబ్బల మీద పీజీ చేసి, పునరుద్ధరణను వదిలి నీటి ఉష్ణోగ్రతల విశ్లేషణలోకి మారిపోయాను. కారణం 2023 వేసవి. ఫ్లోరిడాలో ఏళ్ల తరబడి నీటి అడుగు నర్సరీల్లో పెంచిన కొమ్ముల పగడాలను వేడికి తట్టుకోలేవని బయటికి తీసి, ఒడ్డున ఉన్న తొట్టెల్లోకి తరలించాల్సి వచ్చింది. దిబ్బల మీద నాటినవాటిలో చాలా భాగం ఆ కొద్ది వారాల్లోనే పోయాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు నాలుగో ప్రపంచవ్యాప్త పగడపు వివర్ణతను (వేడికి పగడాలు తెల్లబడిపోవడాన్ని) ప్రకటించారు.

తీరరేఖ గారూ, మీరు చూసిన ఆ తాళ్ల ఫోటోల వెనుక లెక్క ఏమిటంటే, ఒక ప్రాంతంలో అత్యంత వేడి నెల సగటు కన్నా నీరు ఒక డిగ్రీ లేదా అంతకు మించి వేడెక్కిన వారాల్లో ఆ అదనపు డిగ్రీలను గత పన్నెండు వారాలకు కూడుతూ పోతారు. ఆ మొత్తం నాలుగు దాటితే పగడాలు తెల్లబడతాయి, ఎనిమిది దాటితే మరణాలు విస్తృతమవుతాయి. ఈ లెక్క ఏటా ఎనిమిది దాటే చోట ఎన్ని ముక్కలు కట్టినా ఫలితం ఏముంటుంది? పైగా పగడపు పునరుద్ధరణపై 362 ఉదాహరణలను సమీక్షించిన 2020 నాటి వ్యాసంలో అరవై శాతం పథకాలను ఏడాదిన్నర కూడా గమనించలేదని తేలింది. బతికిందని చెప్పేది ఎప్పటిదాకా బతికిందని?

మంచి ఉద్దేశం ఒక్కటే చాలదనడానికి ఫ్లోరిడా తీరంలోనే ఇంకో సాక్ష్యం ఉంది. 1970లలో చేపలకు కృత్రిమ దిబ్బగా ఉంటుందని దాదాపు ఇరవై లక్షల పాత టైర్లను కట్టలు కట్టి సముద్రంలో వేశారు. కట్లు తెగి, తుఫానులకు ఆ టైర్లు కదిలి పక్కనున్న సహజ దిబ్బను ఒరుసుకుంటూ పోయాయి. వాటిని తీసే పని దశాబ్దాలు గడిచినా ముగియలేదు.

క్వాడ్రాట్

లోతునీరు గారూ, మీరు చెప్పిన వాస్తవాలను నేను కాదనడం లేదు. అయితే పగడాలకు వర్తించేది అన్ని ఆవాసాలకూ వర్తించదు. ఫ్లోరిడాలోని టాంపా బే అనే అఖాతాన్ని చూడండి. అక్కడ మురుగునీటి శుద్ధిని మెరుగుపరిచి నత్రజనిని తగ్గించగా, ప్రధానంగా నాట్లు లేకుండానే సముద్రపు గడ్డి తిరిగి పెరిగి, 1950ల నాటి విస్తీర్ణాన్ని బట్టి పెట్టుకున్న లక్ష్యాన్ని 2014 నాటికి దాటింది. 2016 తరువాత మళ్లీ తగ్గిందన్నదీ నిజమే. కానీ కారణాన్ని గుర్తించి దానిమీద పనిచేస్తే ఆవాసం స్పందిస్తుందని ఆ పెరుగుదల చూపింది, ఆ పనిని ఎప్పటికీ ఆపకూడదని తరుగుదల చూపింది.

లోతునీరు

ఆ తేడాను ఒప్పుకుంటున్నాను. నా మాటను సవరించుకుని చెబుతాను: పగడాలలో పనిచేయాలనుకునే విద్యార్థి వేడికి తట్టుకునే రకాల జన్యుశాస్త్రాన్నో, వేడి తక్కువగా చేరే ప్రాంతాల గుర్తింపునో నేర్పే చోటికి వెళ్లాలి. ముక్కలు కట్టడం వారంలో వస్తుంది.

సరంగు

ఇంతవరకు మాట్లాడినవారంతా ప్రకృతి శాస్త్రం వైపునుంచి మాట్లాడారు. నేను సముద్ర రక్షిత ప్రాంతాల నిర్వహణలో, ఎక్కువగా మత్స్యకార సంఘాలతో పనిచేస్తాను. తీరరేఖ గారు మొదట ప్రస్తావించిన సగం చట్టాలు, సగం సమాజం కోర్సును ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి దాని తరఫున రాస్తున్నాను.

ఉప్పుటేరు గారు ఫిలిప్పీన్స్ నాట్ల గురించి చెప్పారు. అక్కడ తప్పుచోట ఎందుకు నాటారన్న ప్రశ్నకు నేల ఎత్తు తెలియకపోవడం ఒక్కటే జవాబు కాదు. అసలు మడ అడవులుండిన ఎగువ నేల చాలావరకు చేపల చెరువులైపోయింది, వాటి మీద ఎవరెవరికో హక్కులున్నాయి. ఎవరూ అడ్డుచెప్పనిది సముద్రం వైపు బురద మేట. అందుకే అక్కడ నాటారు. నేల హక్కుల చిక్కును విప్పడం రానివారి చేతికి ఎంత కచ్చితమైన ఆటుపోట్ల లెక్క ఇచ్చినా వారు మళ్లీ అదే మేట మీదికి వెళతారు.

కెన్యాలోని గాజీ బేలో మికోకో పమోజా అనే పథకం 2013 నుంచి నడుస్తోంది. 117 హెక్టార్ల మడ అడవిని కాపాడుతూ, అది పట్టి ఉంచే కర్బనానికి కార్బన్ క్రెడిట్ల అమ్మకంతో వచ్చే డబ్బును గ్రామాల నీటి సరఫరాకు, బడులకు వాడుతున్నారు. ఆ డబ్బు దేనికి వెళ్లాలో గ్రామస్థులే కూర్చుని తేల్చుకుంటారు. మెక్సికోలోని కాబో పుల్మోలో 1995లో ఏర్పాటైన రక్షిత ప్రాంతంలో 1999, 2009ల మధ్య చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. అక్కడ వేట ఆపించింది కాగితం మీది చట్టం కన్నా ఆ ఊరి కుటుంబాల పట్టుదల. వారు ఎందుకు ఒప్పుకున్నారో, మరోచోటివారు ఎందుకు ఒప్పుకోరో అర్థం చేసుకోవడం కూడా చదువే. ఇంటర్వ్యూ ఎలా చేయాలి, అడిగే ప్రశ్నలోనే జవాబు దొర్లిపోకుండా ఎలా అడగాలి అన్నవి శ్రద్ధగా నేర్చుకోవాల్సిన విద్యలు.

ఇంకొకటి. మత్స్య శాస్త్రజ్ఞుడు డేనియల్ పౌలీ 1995లో చెప్పిన జారిపోయే ప్రమాణం అన్న ఆలోచనను మొదటి సెమిస్టరులోనే చదవండి. ప్రతి తరం తాను చిన్నప్పుడు చూసిన సముద్రాన్నే సహజమని నమ్ముతుంది కాబట్టి, పునరుద్ధరణకు ఏ కాలపు స్థితిని లక్ష్యంగా పెట్టుకోవాలన్నది తేలికైన ప్రశ్న కాదు. నేను ఒక వృద్ధ మత్స్యకారుణ్ణి ఫలానా చేప ఎంత పెద్దది పడేదని అడిగితే ఆయన మాట చెప్పకుండా రెండు చేతులూ చాచి చూపించారు. పక్కనే ఉన్న ఆయన మనవడు తన మోచేతి దాకా చూపించాడు. నేను అక్కడ సేకరించిన సమాచారంలో అంతకన్నా విలువైనది లేదు.

ఉప్పుటేరు

సరంగు గారు చెప్పిన నేల హక్కుల సంగతి అక్షరాలా నిజం. నా మొదటి సందేశంలో అది చేర్చి ఉండాల్సింది.

ఎనిమిది_మీటర్లు

డైవింగ్ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నేను శాస్త్రీయ డైవింగ్ శిక్షకుణ్ణి. మడ అడవులు, ఉప్పు చిత్తడి నేలలు, ఆల్చిప్పల దిబ్బలు, ఆటుపోట్ల మధ్య పెరిగే గడ్డి: వీటిలో చాలా పని నీరు తీసినప్పుడు నడుచుకుంటూనే చేస్తారు. ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్లు, నీటి నమూనాలోని డీఎన్‌ఏ పరీక్ష, విధానాల రంగం, ఇవేవీ డైవింగ్ అడగవు. పగడాలు, కెల్ప్ (పెద్ద సముద్రపు నాచు) అడవులు, లోతు గడ్డి అయితే అవసరం. వినోదానికి చేసే కోర్సు సర్టిఫికెట్ మాత్రం పరిశోధనకు సరిపోదు. అమెరికాలో శాస్త్రీయ డైవర్ కావాలంటే కనీసం 100 గంటల శిక్షణ, 12 డైవ్‌లు ఉండాలన్నది అక్కడి అమెరికన్ అకాడమీ ఆఫ్ అండర్‌వాటర్ సైన్సెస్ ప్రమాణం. దీనికోసం ఇప్పుడే డబ్బు ఖర్చు చేయకండి. ఏ ఆవాసంలో పనిచేస్తారో తేలాక, విశ్వవిద్యాలయం ద్వారానే చేయడం మంచిది. ఈత మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి.

తీరరేఖ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక పాఠ్యాంశాలను మళ్లీ చూశాను. నాకు నచ్చిన ఒక ఏడాది కోర్సులో ఆటుపోట్లు, ఒండ్రు గురించి ఒక్క పాఠమూ లేదు. దాన్ని పక్కన పెట్టేశాను. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం సమన్వయం చేసే ఐఎంబీఆర్‌సీ (IMBRSea, సముద్ర జీవ వనరుల అంతర్జాతీయ మాస్టర్స్) లాంటి రెండేళ్ల కోర్సులో వేర్వేరు దేశాల విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్లు చదివే వీలుంది, గణాంకాలు కూడా ఉన్నాయి. దానికే దరఖాస్తు చేద్దామనుకుంటున్నాను. ఏడాది కోర్సులను అసలు వదిలేయాలా?

దరఖాస్తులో పరిశోధన ఆసక్తి రాయమన్నారు. "నాటిన సముద్రపు గడ్డి పిలకల్లో ఆరు నెలల తరువాత ఎన్ని బతికి ఉంటాయి" అని రాశాను. సరిపోతుందా?

సరంగు

ఏడాది కోర్సులను వదిలేయనక్కరలేదు. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌లో సాధారణంగా మొత్తం 180 క్రెడిట్లలో 60 పరిశోధన వ్యాసానివే, అంటే మూడో వంతు. ఇప్పటికే క్షేత్ర అనుభవం ఉన్నవారికి అది చక్కగా సరిపోతుంది. డిగ్రీ నుంచి నేరుగా వచ్చేవారికి మాత్రం పద్ధతులు ఒంటబట్టేలోపే కోర్సు అయిపోతుంది. మీకు రెండేళ్లదే నయమని నా అభిప్రాయం. ఎక్కడ చేరినా ఆ విభాగంలో గత ఏడాది విద్యార్థుల పరిశోధన శీర్షికలు అడిగి తెప్పించుకోండి. కరపత్రంలో కనిపించని సంగతులు ఆ జాబితాలో కనిపిస్తాయి.

క్వాడ్రాట్

మీ ప్రశ్నలో నిజాయతీ ఉంది, కానీ కాలం సరిపోదు. ఆరు నెలల్లో ఒక చలికాలమో ఒక వేసవో గడుస్తుంది, రెండూ గడవవు. లోతునీరు గారు ఎత్తిచూపిన ఏడాదిన్నర లోపే గమనించి వదిలేసే తప్పునే మీ వ్యాసమూ చేస్తుంది. విద్యార్థికి కాలాన్ని పొడిగించుకునే దారి ఒకటుంది. ఇతరులు వేర్వేరు సంవత్సరాల్లో పునరుద్ధరించిన మడులున్న తీరాన్ని ఎంచుకోండి. రెండేళ్లది, ఐదేళ్లది, పదేళ్లది, వాటితోపాటు ఎన్నడూ చెడని సహజ గడ్డి. ఒకే నెలలో అన్నిటినీ కొలిస్తే పదేళ్ల మార్పు మీకు వరసగా కనిపిస్తుంది. అవి మొదటి నుంచీ ఒకేలాంటి చోట్లేనా అన్న అనుమానాన్ని వ్యాసంలో దాచకుండా చర్చించాలి.

ఇంకా, పిలకలు బతికాయా అన్నదానితో ఆగకండి. గడ్డి ఉన్నా అందులో పీతలు, రొయ్యలు, చేపపిల్లలు చేరకపోతే అది ఇంకా ఆవాసం కాలేదన్నమాట. అవి ఎన్నో ఏటికి సహజ గడ్డిలో ఉన్నంతగా చేరతాయన్నది మంచి ప్రశ్న.

తీరరేఖ

అర్థమైంది. ఇలా మార్చాను: "వేర్వేరు వయసుల పునరుద్ధరిత సముద్రపు గడ్డి మడులలో చేపపిల్లల, పీతల సంఖ్య ఎన్నో ఏటికి సహజ గడ్డితో సమానమవుతుంది?" అలాంటి మడులున్న తీరంలో పనిచేసే ఇద్దరు ఆచార్యుల వ్యాసాలు చదువుతున్నాను. వారికి ఇప్పుడే రాయవచ్చా, ప్రవేశం వచ్చాక రాయాలా?

ఉప్పుటేరు

ఇప్పుడే రాయండి. ఉత్తరం పది వాక్యాలు మించకూడదు. వారి వ్యాసంలో మీకు అర్థంకాని ఒక పట్టికనో పటాన్నో ప్రస్తావించి, దాని గురించి ఒకే ఒక్క ప్రశ్న అడగండి. చివర, మడులు నాటిన తేదీలు, నాటకముందు తీసిన కొలతలు వారి దగ్గర భద్రంగా ఉన్నాయా అని కూడా అడగండి. చాలా పథకాల్లో అవే దొరకవు. అవి ఉన్న చోటికే వెళ్లండి.